బొటనవేలి మీద నిఘా

ఆమె ఎడమచేతి బొటనవేలు మళ్లీ కదిలింది. కాంగ్ జిన్‌ష్వే చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. ఆరూ పద్నాలుగు, బొటనవేలు. ఆరూ పదిహేను, పిట్ట తలెత్తింది. రాసి, పుస్తకం జేబులో దోపుకుని, ఏమీ ఎరగనట్టు తన కెమెరా వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

ఏమీ ఎరగనట్టు నిలబడటం ఆయనకు కొట్టిన పిండి. ముప్పై రెండేళ్లు కాలువల మీద తనిఖీదారుగా తిరిగి, తూము పలకలెత్తి దొంగతనంగా నీళ్లు మళ్లించుకునేవాళ్లను గట్టు మీది తడి చూసి పట్టుకున్న మనిషి. ఉద్యోగం వదిలి పదకొండేళ్లయినా ఆ చూపు ఆయన్ని వదల్లేదు. ఇంట్లో చక్కెర డబ్బా మూత వదులుగా కనిపిస్తే ఎవరు తీశారని అడుగుతాడు. ఆ ఇంట్లో ఉండేది ఆయనొక్కడే.

లియావ్ చెరువు గట్టు మీద ఆ పొద్దున ఎనిమిది ట్రైపాడ్లు వరసగా నిలబడి ఉన్నాయి. చెరువంతా, నీళ్లలో కాయల కోసం పండించే సింగాడా ఆకు పరుచుకుని నీళ్లు కనపడటం లేదు. గట్టుకి పదిహేను గజాల్లో, నాలుగు తడి కాడలు పోగేసినట్టున్న గూట్లో, ఆ ఆకుల మీదే నడిచి బతికే సింగాడా పిట్ట కూర్చుని ఉంది. మెడ వెనక బంగారు రంగు, కిందికి వంగిన పొడవాటి నల్లని తోక. అది తండ్రి. ఆడపిట్ట నాలుగు గుడ్లు పెట్టేసి పక్క చెరువులో ఇంకో మొగుణ్ణి చూసుకుని వెళ్లిపోయింది. పొదగడం, పిల్లల్ని సాకడం అంతా మగదాని పనే. గట్టు మీది మగవాళ్లకు అందుకే ఆ పిట్ట మీద జాలి, ఆడవాళ్లకు ముచ్చట.

ఆ ఊరు, గ్వాన్‌తియెన్‌లో జూలై ఎండ ఎలా ఉంటుందో అక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. పిట్ట పది నిమిషాలు గూడు వదిలి పోయిందంటే గుడ్లు ఉడికిపోతాయి. పది రోజుల్నుంచి పిట్టకు కుదురు లేదు. ఊరికే తలెత్తుతోంది, లేస్తోంది, రెండడుగులు ఆకుల మీద నడిచి మళ్లీ వచ్చి కూర్చుంటోంది. మరో నాలుగైదు రోజుల్లో పిల్లలు బయటికి రావాలి.

గట్టు మొదట్లో కాంగ్ తన చేత్తో రాసి కట్టిన అట్ట ఉంది. పురుగులు ఎర వేయరాదు. గట్టు దిగరాదు. ఏ శబ్దమూ చేయరాదు. చెరువు యజమాని లియావ్‌కి మాట ఇచ్చి ఈ గట్టు అడిగి పుచ్చుకున్నది ఆయనే. ఫొటోలు తీసే రిటైర్డ్ జనమంతా ఆయన్ని మాస్టారని పిలిచేది కూడా ఇక్కడే.

అలాంటి గట్టు మీదికి ఈ వెన్ బీయున్ అనే ఆవిడ వచ్చి పన్నెండు రోజులైంది. పిట్ట కుదురు తప్పి పది రోజులు. కాంగ్‌కి లెక్క సరిపోయింది.

పైగా ఆ కెమెరా! లెన్సుకుండే పట్టీ వదులు చేసి కెమెరాని పూర్తిగా తలకిందులుగా తిప్పి బిగిస్తుంది. లోకంలో అందరి కెమెరాకూ పట్టు కుడివైపుంటే ఆమెది ఎడమవైపు వేలాడుతుంది. ఎడమచెయ్యి దాని వెనక దాక్కుని ఉంటుంది. కుడివైపు నుంచి ఒక నల్లని తీగ, దాని చివర ఒక మీట, ఆ మీట కుడిచేతి గుప్పిట్లో. ఏది దేనికో బయటివాళ్లకు అర్థం కాదు. అర్థం కాకుండా ఉండటానికే అలా పెట్టుకుందని కాంగ్ నమ్మకం.

"జువాంగ్, ఇలా రా," అని పక్క ట్రైపాడ్ మనిషిని గుసగుసగా పిలిచాడు.

జువాంగ్ ఒకప్పుడు టాక్సీ నడిపాడు. కాంగ్ కంటే ఐదేళ్లు చిన్న. జామకాయ ముక్క నములుతూ వచ్చాడు.

"ఏంటన్నా?"

"ఆ వేలు చూడు. ఆ వేలు నొక్కుతుంది, పిట్ట తలెత్తుతుంది. నాలుగు రోజుల్నుంచి రాసిపెడుతున్నాను."

"ఫోకస్ చేసుకుంటోందేమో అన్నా."

"ఫోకస్ షటర్ మీట సగం నొక్కితే అవుతుంది. చూపుడువేలితో. నువ్వలాగే చేస్తావు, నేనలాగే చేస్తాను. బొటనవేలితో ఏం చేస్తారు?"

"కొందరు అలా పెట్టుకుంటారంటారు మరి..."

"ఆవిడ దానికి పిట్ట కూత వినిపిస్తోంది. ఎక్కడో చిన్న పెట్టె దాచింది. ఇంకో మగపిట్ట కూత వినగానే ఇది తలెత్తుతుంది. తలెత్తితే ఫొటో బాగుంటుంది కదా."

జువాంగ్ నమలడం ఆపాడు. "కూతా? నాకే కూతా వినపడలేదన్నా."

"వినపడదు! అదే నేననేది. మనిషి చెవికి అందని శబ్దాలుంటాయి. పిట్టలకీ కుక్కలకీ అందుతాయి. నేను పేపర్లో చదివాను. నిజం చెప్పు, నీకేమైనా వినపడుతోందా?"

జువాంగ్ కాంగ్ ముఖంలోకి చూశాడు, ఆ తర్వాత కాంగ్ కెమెరా వైపు చూశాడు, ఆ తర్వాత తన చెప్పుల వైపు. "వినపడుతోందా అంటే... ఏం చెప్తాంలే అన్నా," అని ఇంకో జామ ముక్క నోట్లో వేసుకున్నాడు.

ఆ మాట కాంగ్‌కి ఒప్పుకున్నట్టే అనిపించింది.

*

మర్నాడు కాంగ్ నేరుగా ఆమె దగ్గరికే వెళ్లాడు. తనిఖీకి వెళ్లినప్పుడు చేసినట్టే చేతులు వెనక కట్టుకుని, ముందు వాతావరణం గురించి రెండు మాటలు మాట్లాడాడు.

"ఏమ్మా, ఆ వేలితో అన్నిసార్లు ఏం నొక్కుతావు?"

బీయున్ కెమెరా వెనకనుంచి తల తీసింది. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు. పక్కనే మాదో టౌన్లో సొంత సెలూన్ ఉంది. పదింటికి షాపు తెరవాలని రోజూ తొమ్మిదికల్లా స్కూటరెక్కి వెళ్లిపోతుంది.

"ఇది ఫోకస్ మీటండీ మాస్టారూ. వెనక ఉంటుంది. మీ కెమెరాకీ ఉంది, ఇదిగో ఈ చోట. మీరు వాడటం లేదంతే."

"ఫోకస్ షటర్లో ఉంటుంది."

"అందులోంచి తీసేసి దీనికి పెట్టుకున్నాను. ఇప్పుడు షటర్ నొక్కితే ఫొటో పడటమే, ఫోకస్ మారదు. నాది ఎడమచేతి వాటం మాస్టారూ. చిన్నప్పుడు బళ్లో కొట్టి కుడిచేత్తో రాయించారు గానీ, కత్తెర పట్టింది ఎడమచేత్తోనే. కత్తెరలో పనంతా బొటనవేలిదే. మిగతా వేళ్లు ఊరికే పట్టుకుంటాయి. ముప్పయ్యేళ్లుగా ఈ వేలికే పనొచ్చు. కుడిచేతికి ఏమీ రాదు, అందుకని దానికి తీగ ఇచ్చి ఫొటో నొక్కమన్నాను."

"మరి తలకిందులెందుకు?"

"ఈ మీట కుడివైపు చేస్తారు కదండీ. నా వేలికి అందాలంటే కెమెరాని తిప్పాల్సిందే. ఇంటికెళ్లి చూసుకుంటే కంప్యూటర్లో పిట్టలన్నీ శీర్షాసనం వేసుంటాయి. ఒక్కొక్కదాన్నీ మళ్లీ నిలబెట్టుకుంటాను." ఆమె నవ్వింది. "పట్టుకుని చూడండి."

ఎలాగూ తనిఖీకే వచ్చాడు కాబట్టి కాంగ్ వంగి కన్ను పెట్టాడు. ఎడమచేతి బొటనవేలు ఎక్కడ పెట్టాలో ఆమె చూపించింది. వేలు మొద్దులా కదిలింది. నొక్కగానే మసగ్గా ఉన్న ఆకుపచ్చలోంచి పిట్ట కన్ను స్పష్టంగా తేలి వచ్చింది, చుట్టూ తెల్లని ఈకలు, కంటి మీదుగా నల్లటి గీత. వేలు తీశాడు. పిట్ట ముందున్న ఆకు గాలికి లేచి అడ్డొచ్చి పోయింది. కన్ను మాత్రం చెదరకుండా అలాగే ఉంది. తన కెమెరా అయితే ఈపాటికి ఆకు వెంట పడేది. కాంగ్‌కి ఒక్క క్షణం భలే ముచ్చటేసింది. ముచ్చటేసినందుకు వెంటనే అనుమానం వచ్చింది.

"ఒక్కసారి నొక్కితే చాలు కదా. ఇరవైసార్లు ఎందుకు నొక్కుతావు?"

"పిట్ట కదిలినప్పుడు నొక్కి పట్టుకుంటాను. కూర్చోగానే వదిలేస్తాను. మళ్లీ కదిలితే మళ్లీ నొక్కుతాను."

"నువ్వు నొక్కాక పిట్ట కదులుతోందా, పిట్ట కదిలాక నువ్వు నొక్కుతున్నావా?"

బీయున్ ఆయన ముఖంలోకి తేరిపార చూసింది. ఏదో అనబోయింది. ఆమె చూపు కాంగ్ భుజం మీదుగా వెళ్లి జువాంగ్ దగ్గర ఆగింది. జువాంగ్ అడ్డంగా తలూపాడు. కాంగ్ వెనక్కి తిరిగేసరికి జువాంగ్ లెన్సు తుడుచుకుంటున్నాడు.

"నీ ఫోను చూపించు," అన్నాడు కాంగ్.

మాట నోట్లోంచి వచ్చాక అది మరీ ఎక్కువైందని ఆయనకీ తెలిసింది. బీయున్ ఫోను తీసి చేతిలో పెట్టింది. అందులో పిట్ట కూతలేవీ లేవు. జుట్టు రంగుల పట్టిక, తేదీలు రాసిన కస్టమర్ల పేర్లు, మనవరాలి ఫొటో ఉన్నాయి. కాంగ్ ఫోను తిరిగిచ్చి తన చోటికి వచ్చి రాసుకున్నాడు: ఏదో దాస్తోంది. జువాంగ్‌కి కూడా తెలుసు.

ఈ రెండు ముక్కలూ నిజమే. అందుకే పాపం ఆయన తప్పు అంత గట్టిపడింది.

*

మూడో రోజు ఏడూ ఇరవైకి పిట్ట లేచి, ఆకుల మీద టకటకా నడిచి, ఎగిరి చెరువు అవతలి మూలకి పోయింది. గట్టు మీద తొమ్మిది మందీ బిగుసుకుపోయారు. నాలుగు గుడ్లు గోధుమరంగులో నిగనిగలాడుతూ ఎండలో పడి ఉన్నాయి. కాంగ్ గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఒక నిమిషం. రెండు. మిసెస్ పెంగ్ కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది. ఆవిడా ఆవిడ భర్తా లెక్కల టీచర్లుగా చేసి రిటైరయ్యారు, ఒకే కెమెరా వంతులేసుకుని వాడతారు. నాలుగో నిమిషంలో పిట్ట తిరిగొచ్చి, గుడ్ల చుట్టూ ఒకసారి తిరిగి, రెక్కలు కిందికి దోపి ఒక్కొక్క గుడ్డునీ సర్దుకుని కూర్చుంది.

ఎవరూ ఊపిరి వదలకముందే లియావ్ స్కూటరు వచ్చి ఆగింది. ఇంటి మేడ మీంచి అంతా చూశాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు, గొంతు పెంచకుండానే. ఇరవై ఏళ్ల కిందట తూము కేసులో తనని పట్టుకున్న మనిషిని అతనింకా అలాగే పిలుస్తాడు. "అప్పుడు నీళ్లదొంగని చిటికెలో పట్టారు. ఇప్పుడు పిట్టని ఎవరు బెదరగొడుతున్నారో పట్టలేకపోతున్నారా? ఇంకొక్కసారి అది గూడు వదిలిందంటే మొత్తం అందరూ దిగిపోవాల్సిందే. గుడ్లు పోతే నేనెవరికి చెప్పుకోను?"

లియావ్ వెళ్లిపోయాడు. కాంగ్‌కి చెవుల దాకా వేడెక్కింది. తన గట్టు మీద, తన మనుషుల ముందు, ఒక నీళ్లదొంగ చేత మాట పడ్డాడు. ఆ కోపం ఎవరి మీద దింపుకోవాలో ఆయనకు వెతుక్కోనక్కర్లేకపోయింది.

బీయున్ దగ్గరికి వెళ్లి, అందరికీ వినపడేలా, "రేపట్నుంచి నువ్వు రావద్దమ్మా," అన్నాడు.

"నేనేం చేశాను మాస్టారూ?"

"నాకు తెలీదు. నీకు తెలుసు. నువ్వు రాకముందు పిట్ట కదలకుండా కూర్చునేది."

మిసెస్ పెంగ్ ఒకడుగు ముందుకేసింది. "మాస్టారూ, అది కాదండీ, కొంచెం..."

"ఏంటమ్మా?"

ఆవిడ భర్త మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "ఏం లేదండీ," అంది.

బీయున్ ఒక్కొక్కరి ముఖమూ చూసింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. "నేను వెళ్తే అది కుదురుగా కూర్చుంటుందంటారా?" అని అడిగింది.

"కూర్చుంటుంది."

"సరే అయితే. అది కూర్చుంటే చాలు."

తీగ చుట్ట చుట్టి సంచిలో పెట్టింది. లెన్సు పట్టీ వదులు చేసి కెమెరాని తిన్నగా తిప్పుకుంది. ఆమె ఎడమచెయ్యి మరలన్నీ విప్పుతుంటే కుడిచెయ్యి ఊరికే పక్కన నిలబడి అందిస్తోంది. కాంగ్ ఆ పనితనం చూడకుండా ఉండలేకపోయాడు. ట్రైపాడ్ భుజాన వేసుకుని, వెళ్లేటప్పుడు అంది: "ఎనిమిదికల్లా గూడు మీద ఎండ ముదురుతోంది. అప్పుడు మాత్రం దాన్ని లేవనివ్వకండి."

*

నాలుగో రోజు ఏడు ట్రైపాడ్లే ఉన్నాయి. ఏడు కాకముందే పిట్ట మూడుసార్లు తలెత్తింది, ఒకసారి లేచి నిలబడింది.

కాంగ్ పుస్తకం తీశాడు. రాయడానికి ఏమీ లేదు. బొటనవేలు లేదు. ఆయన అనుమానం ఇంకోవైపు పాకింది. అంటే ఆవిడొక్కతే కాదన్నమాట. ఇంకెవరో ఉన్నారు. నిన్న ఎవరూ నోరు మెదపకపోవడం గుర్తొచ్చింది. జువాంగ్ తలూపడం గుర్తొచ్చింది.

"అందరూ కెమెరాల మీంచి చేతులు తీయండి," అన్నాడు.

"ఏంటన్నా ఇది?"

"తీయమన్నాను. చేతులు వెనక్కి కట్టుకోండి. తీగలు, ఫోన్లు, ఏమున్నా కింద పెట్టండి. ఎవరు ముట్టుకోకపోతే పిట్ట కదలదో ఇవాళ తేల్చేస్తాను."

ఏడుగురు పెద్దమనుషులు బళ్లో పిల్లల్లాగా చేతులు వెనక్కి కట్టుకున్నారు. మొన్నటిదాకా ఇలాగే పిల్లల చేతులు కట్టించిన పెంగ్ దంపతులు కూడా కట్టుకున్నారు. కాంగ్ ఒక్కడే తన కెమెరా వెనక వంగాడు. పిట్ట కుదురుగా ఉంది. రెక్కల కింద గుడ్లని జరుపుకుంటోంది. దాన్ని స్పష్టంగా చూడటానికి షటర్ మీట సగం నొక్కాడు.

పిట్ట తలెత్తింది.

కాంగ్ వేలు తీశాడు. పిట్ట తల దించింది. మళ్లీ సగం నొక్కాడు. పిట్ట మెడ నిక్కించి గట్టు వైపు చూసింది, తిన్నగా ఆయన లెన్సులోకి.

ఆయన మెల్లగా నిటారుగా లేచి చుట్టూ చూశాడు. అందరి చేతులూ వెనకే ఉన్నాయి. అందరి చూపులూ కిందే ఉన్నాయి. మిసెస్ పెంగ్ ఒక్కతే ఆయన వైపు చూస్తోంది. ఆవిడ ముఖం మీద నుంచి కళ్లు తీయకుండా కాంగ్ మీటని ఇంకోసారి సగం నొక్కాడు. ఆవిడ కనురెప్పలు రెండుసార్లు అదిరాయి. వదిలి మళ్లీ నొక్కాడు. మళ్లీ రెండుసార్లు.

"ఏంటది?" అని అడిగాడు.

జువాంగ్ దగ్గరికొచ్చాడు. "అన్నా, అది మీ కెమెరాదే. ఫోకస్ కుదరగానే కీచుకీచుమని రెండుసార్లు అరుస్తుంది. ఆ మోత మూడేళ్ల కింద నేనే ఆపిపెట్టాను. రెండు వారాల కింద లోపల దుమ్ము తీయడానికిచ్చారు కదా, వాళ్లు అన్నీ మళ్లీ మొదటికి తిప్పి ఇచ్చారు."

"షటర్ చప్పుడు నేనే ఆపుకున్నాను!"

"అది ఆపారన్నా. అది టకటక. మీకు వినపడింది, ఆపారు. ఇది సన్నగా ఉంటుంది. ఇది మీకు..." జువాంగ్ ఆగిపోయాడు.

కాంగ్ కెమెరాకి చెవి ఆనించాడు. నొక్కాడు. అటు చెవి తిప్పి మళ్లీ నొక్కాడు. ఏడుగురూ రెండేసి సార్లు ఉలిక్కిపడుతుంటే ఆయనకు మాత్రం చెరువు మీది గాలి తప్ప ఏమీ వినపడలేదు. రెండేళ్లుగా ఈ చుట్టుపక్కల కీచురాళ్లు అరవడం లేదని, మందులు కొట్టి చంపేశారని, లియావ్‌తో సహా పదకొండు మంది రైతుల మీద ఆయన అర్జీ పెట్టి ఉన్నాడు. ఆ అర్జీ ఇప్పుడు గుర్తొచ్చింది. వంగి ట్రైపాడ్ కాలు పట్టుకున్నాడు.

"ఎన్నాళ్లుగా తెలుసు మీకు?"

"సర్వీసు నుంచి తెచ్చిన రోజు నుంచే."

"ఒక్కరూ చెప్పరేం?"

"మీరు మాస్టారు. శబ్దం చేయరాదని రాసిపెట్టిందే మీరు. మీతో ఎవరు చెప్తారన్నా? ఆయన చెప్తాడని నేను, నేను చెప్తానని ఆయన. చెవి గురించి ఎత్తితే నొచ్చుకుంటారని..."

"ఆవిడకి తెలుసా?"

మిసెస్ పెంగ్ చెప్పింది. "మొదటి వారంలోనే అడిగిందండీ, మాస్టారికి చెప్పనా అని. మేమే వద్దన్నాం. పెద్దాయన, పరువుగల మనిషి, కొత్తగా వచ్చినదానివి నీకెందుకన్నాం. నిన్న కూడా చెప్పేస్తుందేమో అనుకున్నాను. చెప్పలేదు."

"నా పరువు నిలబెట్టడానికి గుడ్లు ఉడకబెడతారా!" అన్నాడు కాంగ్. అరవలేదు. అరవకూడదని ఆ స్థితిలో కూడా గుర్తుంది. కెమెరా ఆపేసి, సంచిలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా గట్టు దిగిపోయాడు. ఆ పొద్దున మళ్లీ పిట్ట లేవలేదట. తొమ్మిదిన్నరకి జువాంగ్ ఫోన్ చేసి చెప్పాడు.

*

మాదోలో ఆమె సెలూన్ కూరగాయల మార్కెట్ వెనక సందులో ఉంది. రెండు కుర్చీలు, ఒక అద్దం, ఒక ఫ్యాను. కాంగ్ వెళ్లేసరికి ఆమె నేల మీది జుట్టు ఊడుస్తోంది. ఆయన్ని చూసి చీపురు ఆపింది.

కాంగ్ టోపీ తీసి కుర్చీలో కూర్చున్నాడు. "పక్కల కొంచెం తగ్గించమ్మా," అన్నాడు.

బీయున్ గుడ్డ కప్పి మెడ దగ్గర బిగించింది. నీళ్లు చల్లి దువ్వింది. అద్దంలో ఆమె కుడిచేత్తో కత్తిరిస్తున్నట్టు కనిపిస్తోంది. ఎడమచెవి దగ్గర వేళ్లతో చెవిని మడిచి పట్టుకుని, బొటనవేలు ఆడిస్తూ చెవి చుట్టూ వచ్చింది. ఎక్కడా తోలుకి తగల్లేదు.

"కత్తెర వినపడుతోందా మాస్టారూ?" అని మామూలుగా అడిగింది.

కాంగ్ ఉన్నమాటే చెప్పాడు. "లేదు."

"చెవి పక్కనే ఉంది."

"తెలుసు. చల్లగా తగులుతోంది. వినపడటం లేదు."

ఆమె రెండో చెవి వైపు వెళ్లింది.

"ఎందుకు చెప్పలేదు నువ్వు?" అన్నాడు కాంగ్. "నేను ఫోను లాక్కున్నాను. అందరి ముందూ పొమ్మన్నాను. ఒక్క మాట అంటే నా నోరు మూతపడేది కదా."

"అనేదాన్నే. నోటిదాకా వచ్చింది. మీ వెనక ఏడుగురు నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు మీకు వినపడదని నేను చెప్తే మీరిక ఆ గట్టు ఎక్కరు. నేను పోతే ఇంకో చెరువు చూసుకుంటాను. మీరు ఎక్కడికి పోతారు?" కత్తెర ఆపింది. "అయినా తప్పే చేశాను లెండి. పిట్ట సంగతి ఆలోచించాల్సింది. నిన్న రాత్రంతా నాకదే."

కాంగ్ అద్దంలో తన ముఖం చూసుకోలేక కళ్లు దించాడు. గుడ్డ కిందనుంచి చేతులు తీసి సంచిలోంచి కెమెరా బయటపెట్టాడు.

"ఈ మోత ఆపిపెట్టు."

ఆమె చేతులు తుడుచుకుని, కెమెరా తీసుకుని, నాలుగుసార్లు నొక్కి ఆపేసింది. "అయిపోయింది. ఇక దీనికి నోరు లేదు."

"ఫోకస్ కూడా వెనక్కి మార్చు. బొటనవేలికి."

"మోత ఆగిందిగా మాస్టారూ. మీ వేలు మీకు అలవాటే."

"మార్చమ్మా. ఆకు అడ్డొచ్చినా పిట్ట కన్ను పోలేదు. నేను చూశాను."

బీయున్ నవ్వు ఆపుకుంది. మార్చి చేతికిచ్చింది. కాంగ్ కప్పిన గుడ్డతోనే కుర్చీలో కూర్చుని, ఎదురుగా గోడ మీది క్యాలెండర్ వైపు గురిపెట్టి కుడి బొటనవేలితో నొక్కాడు, వదిలాడు. అలవాటుగా చూపుడువేలు మీట మీద సగం ఆగిపోయి ఫోకస్ కోసం ఎదురుచూసింది. రెండుసార్లు మసక ఫొటోలు వచ్చాయి. మూడోది కుదిరింది.

"రేపు రా," అన్నాడు.

"అందరి ముందూ వద్దన్నారు కదండీ."

"రమ్మనడం కూడా అందరి ముందే అంటాను."

"నన్ను రమ్మనాలంటే ఎందుకు పొమ్మన్నారో చెప్పాలి. అది చెప్పాలంటే చెవి సంగతి చెప్పాలి. వాళ్లకి తెలుసు, నిజమే. కానీ మీ నోటితో చెప్పడం వేరు మాస్టారూ. ఆలోచించుకోండి."

కాంగ్ మెడ మీది జుట్టు దులిపించుకుని లేచాడు.

*

ఐదో రోజు ఆయన అందరికంటే ముందొచ్చాడు. ఒక్కొక్కరే వచ్చి ట్రైపాడ్లు పాతుకున్నారు. ఎవరికీ ఆయన్ని పలకరించే ధైర్యం లేదు. ఐదూ నలభైకి రోడ్డు మీద బీయున్ స్కూటరు ఆగింది. హెల్మెట్ తీయలేదు. గట్టెక్కలేదు.

మాట్లాడదామని గొంతు సవరించుకున్నాడో లేదో గూట్లో పిట్ట మెడ ఎత్తింది. అప్పుడు తెలిసొచ్చింది ఆయనకు. గట్టు మీద గట్టిగా మాట్లాడకూడదు. అందర్నీ పోగేసి ఒక్కసారి చెప్పేసి ఊరుకోవడానికి వీల్లేదు.

జువాంగ్ దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పాడు. "పిట్టని బెదరగొట్టింది నేను. నాకు సన్నని శబ్దాలు వినపడవు. ఆవిణ్ణి అన్యాయంగా పొమ్మన్నాను." జువాంగ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. కాంగ్ అక్కడ ఆగలేదు. పక్క ట్రైపాడ్ దగ్గరికి వెళ్లి మళ్లీ అదే చెప్పాడు. లెక్కల టీచర్‌కి చెప్పాడు. ఆయన భార్యకి విడిగా చెప్పాడు. మూడోసారికి సులువవుతుందనుకున్నాడు, కాలేదు. వినపడవు అన్న మాట దగ్గర ప్రతిసారీ నాలుక తడబడింది. గుసగుస కాబట్టి తన మాట తనకే సరిగా వినపడక, చెప్పానో లేదోనని రెండుచోట్ల మళ్లీ మొదట్నుంచి చెప్పాల్సొచ్చింది. ఏడుగురూ అయ్యాక గట్టు దిగి రోడ్డు మీదికెళ్లి ఎనిమిదోసారి బీయున్‌కి చెప్పాడు.

ఆమె మొత్తం విని, హెల్మెట్ తీసి హ్యాండిల్‌కి తగిలించింది. ట్రైపాడ్ తీసుకుని ఆయన వెనకే గట్టెక్కి, ఆయనకు ఎడమపక్కన తన కెమెరాని తలకిందులు చేసుకుంది.

ఏడున్నర దాటాక గట్టు మీద ఏదో మారింది. కాంగ్ మనుషుల్ని చూసి అది పసిగట్టాడు. మిసెస్ పెంగ్ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. జువాంగ్ ముఖం విప్పారింది. అందరూ ఒక్కసారే ముందుకు వంగారు. గూట్లో మాత్రం పిట్ట కూర్చునే ఉంది, తల ఒకవైపుకి వంచి, తన పొట్ట కిందికి చూసుకుంటూ.

"ఏంటి?" అన్నాడు కాంగ్ గుసగుసగా. "ఏమైంది?"

"పిల్ల అరుస్తోంది మాస్టారూ. గుడ్డు లోపల్నించి. ఇంకా బయటికి రాలేదు. తండ్రి తిరిగి పలుకుతున్నాడు," అంది బీయున్.

కాంగ్ చెవి అటు తిప్పాడు. ఆకుల మీద ఎండ తప్ప ఏమీ లేదు. ఆయనకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. "మళ్లీ అరిస్తే చెప్పు," అన్నాడు.

బీయున్ ఎడమచేతి బొటనవేలు మీట మీద ఉంది. కుడి గుప్పిట్లో తీగ చివరి మీట. ఆమె కుడి గుప్పిట తెరిచి తీగని వదిలేసింది. అది ట్రైపాడ్ పక్కన వేలాడింది. ఆ చెయ్యి తెచ్చి కాంగ్ ముంజేతి మీద పెట్టింది.

"మరి నీ ఫొటోల సంగతి?" అన్నాడాయన.

"చూడండి అటు."

ఆయన కంటికి కెమెరా ఆనించాడు. ముంజేతి మీద ఆమె వేలు ఒకసారి తట్టింది. పిట్ట ముక్కు తెరుచుకుంది, మూసుకుంది. కాసేపు ఏమీ లేదు. మళ్లీ ఒకసారి తట్టింది. ఆ తర్వాత వెంటవెంటనే రెండుసార్లు. కాంగ్ కుడి బొటనవేలు మీట మీదే ఉంది, నొక్కడం మాత్రం ఆయన మర్చిపోయాడు.